దూరపు లోడు: నిద్ర చెడకుండా, బండి చెడకుండా ఎలా చేర్చాలి

దగ్గరి ఊళ్ల మధ్య లారీ నడిపి చేయి తిరిగిన తర్వాత, మొదటిసారి మూడు నాలుగు రోజుల ప్రయాణానికి బయలుదేరబోతున్న డ్రైవరును ఉద్దేశించి ఈ వ్యాసం రాస్తున్నాను. గేరు మార్చడం, మలుపు తీసుకోవడం, బండిని వెనక్కి పెట్టడం మీకు వచ్చుననే అనుకుంటాను. దూరప్రయాణంలో కొత్తగా ఎదురయ్యే కష్టం స్టీరింగు దగ్గర తక్కువ, గడియారం దగ్గర ఎక్కువ. సరుకు ఎప్పుడు ఎక్కుతుందో, సరుకు దించే చోట గేటు ఎప్పుడు తెరుస్తారో, రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో మీ చేతిలో ఉండదు. ఎప్పుడు నిద్రపోవాలో ఒక్కటి మాత్రం మీరు ముందుగా నిర్ణయించుకోగలరు. తక్కిన పనులన్నింటినీ ఆ నిర్ణయం చుట్టూ అమర్చుకోవడమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి.

లోడు ఒప్పుకునే ముందు వేయవలసిన లెక్క

ముందుగా ఒక కాగితం మీద దూరం రాయండి. అది 1,200 కిలోమీటర్లు అనుకుందాం. ఖాళీ రోడ్డు మీద బండి 80 వేగంతో పోతుంది కాబట్టి 15 గంటల్లో చేరిపోవచ్చని ఎవరికైనా తోస్తుంది, సరుకు పంపేవారికి మరీ తోస్తుంది. ఊళ్లూ, ఎత్తులూ, రోడ్డు పనులూ, తనిఖీలూ, డీజిల్ కోసం ఆగడమూ కలుపుకుంటే బరువు బండికి గంటకు 50 కిలోమీటర్ల సగటు రావడమే గొప్ప. అంటే స్టీరింగు ముందు కూర్చోవలసింది 24 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున నడిపితే మూడు రోజులు పడుతుంది, లోడింగుకూ అన్‌లోడింగుకూ పట్టే సమయం దీనికి అదనం.

రోజుకు 8 గంటలని ఎందుకు అంటున్నానో చెప్పాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో చేసిన 153వ ఒడంబడిక ప్రకారం డ్రైవరు విరామం లేకుండా వరుసగా 4 గంటలకు మించి నడపకూడదు. మొత్తం డ్రైవింగు రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదు. రోజులో కనీసం 10 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలి. ఐరోపా సమాఖ్య నిబంధనలలో నాలుగున్నర గంటల డ్రైవింగు తర్వాత 45 నిమిషాల విరామం తప్పనిసరి. అమెరికాలో సరుకు లారీ డ్రైవరు 11 గంటల వరకు నడపవచ్చు గాని, అంతకు ముందు వరుసగా 10 గంటలు విధికి దూరంగా ఉండి ఉండాలి. అంకెలు దేశాన్ని బట్టి మారుతున్నాయి, మీరు నడిపే చోట ఏ అంకె చెల్లుతుందో తెలుసుకుని దానికి కట్టుబడాలి. అయితే ఎక్కడి చట్టమైనా చెప్పేది అంతకు మించవద్దనే గాని, అంతదాకా నడిపి తీరాలని కాదు. మొదటి ప్రయాణాల్లో ఆ హద్దుకు ఒక గంట ఇవతలే ఆగేలా లెక్క వేసుకోండి. రోడ్డు ఆ గంటను ఎలాగూ తినేస్తుంది.

ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఇదే లోడును రెండు రోజుల్లో చేర్చమంటే, మీ కాగితాన్ని వారి ముందు పెట్టి, ఏ రాత్రి ఎక్కడ ఆగుతారో, ఏ పూట చేరుతారో చదివి వినిపించండి. వాదన అక్కరలేదు. బయలుదేరిన తర్వాత ఆలస్యమని ఫోను చేస్తే దాన్ని సాకు అంటారు, బయలుదేరే ముందు చెబితే లెక్క అంటారు. అయినా వినకపోతే ఆ లోడు వదులుకునే స్తోమత అందరికీ ఉండదని నాకు తెలుసు. అప్పుడు రెండో డ్రైవరును అడగండి, లేదా చేరే సమయాన్ని కనీసం ఒక పూట వెనక్కి జరపమనండి. ఏది ఒప్పుకున్నా దాన్ని సందేశంగా రాయించుకోండి.

నిద్రకు చోటు, వేళ ముందే నిర్ణయించుకోవడం

కాగితం మీద ఇప్పుడు ఆగే చోట్లు గుర్తు పెట్టండి. ప్రతి రాత్రికీ ఒక చోటు, అది నిండిపోయి ఉంటే వెళ్లడానికి అంతకు ముందే వచ్చే మరో చోటు రాసుకోవాలి. ముందే అని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే అలసిన డ్రైవరు ఇంకో ముప్పై కిలోమీటర్లు పోతే చోటు దొరుకుతుందిలే అనుకుంటాడు, ఆ ముప్పై కిలోమీటర్లే ప్రయాణమంతటిలో అతి ప్రమాదకరమైనవి. చీకటి పడ్డాక పార్కింగు స్థలాలు త్వరగా నిండిపోతాయి కాబట్టి, తెల్లవారక ముందు లేచి సాయంత్రం పెందలాడే ఆగే పద్ధతి చాలామందికి అనుకూలిస్తుంది. రోడ్డు అంచున మాత్రం నిద్రపోకండి. మీరు మెలకువగా ఉన్నా లేకున్నా, వెనుక నుంచి వచ్చేవాడు మెలకువగా ఉన్నాడో లేదో మీకు తెలియదు.

ఏ వేళకు నిద్రపోవాలనేది ఏ చోట నిద్రపోవాలనే దానికన్నా ముఖ్యం. మనిషి శరీరంలోని గడియారం తెల్లవారుజామున సుమారు 2 గంటల నుంచి 6 గంటల వరకు, మళ్లీ మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు మగతను పెంచుతుంది. కడుపు నిండా తిన్నారా లేదా అనే దానితో దీనికి పెద్ద సంబంధం లేదు, తిండి ఆ మగతను ఇంకొంత పెంచుతుంది, అంతే. అందువల్ల తెల్లవారుజామున ఆ నాలుగు గంటలూ వీలైనంత వరకు బెర్తు మీద గడిచేలా ప్రయాణాన్ని అమర్చుకోండి. తప్పనిసరిగా రాత్రి నడపవలసి వస్తే ముందు రోజు మధ్యాహ్నం నిద్రపోయి బయలుదేరాలి. పగటి నిద్ర తక్కువసేపు ఉంటుంది, తేలికగా చెదిరిపోతుంది. కాబట్టి క్యాబిన్ అద్దాలకు మందపాటి తెరలు, కళ్లకు గంత, చెవులకు దూది లేదా ప్లగ్గులు పెట్టుకుని, ఫోనును చేతికి అందనంత దూరంలో ఉంచి పడుకోవాలి.

నిద్ర లేకుండా నడపడం ఎంత ప్రమాదమో తెలియజేసే ప్రయోగం ఒకటి ఉంది. డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వరుసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుకు దిగజారుతుంది. ఒక పగలూ రాత్రీ పూర్తిగా మేలుకుంటే అది సుమారు 0.10 శాతానికి సమానం. చాలా దేశాల్లో 0.05 శాతం దగ్గరే లైసెన్సుకు ఎసరు వస్తుంది. తాగి నడపడానికి ససేమిరా అనే డ్రైవరు కూడా, ఉదయం ఐదుకు లేచి రాత్రి పదిన్నరకు నడుపుతున్నప్పుడు ఆ స్థితిలోనే ఉన్నానని గుర్తించడు.

కునికిపాట్లలో రెండు రకాలున్నాయి. తల వాలిపోయే కునుకు మనకు తెలుస్తుంది. కళ్లు తెరిచి ఉండగానే మెదడు కొన్ని సెకన్ల పాటు మూతపడే కునుకు తెలియదు. 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది, అంటే నాలుగు సెకన్ల కునుకులో దాదాపు 90 మీటర్లు దాన్ని నడిపేవారు ఎవరూ ఉండరు. ఆవలింతల కోసం ఎదురుచూడకుండా ఈ గుర్తులను గమనించండి: గడిచిన నాలుగైదు కిలోమీటర్లు ఎలా దాటారో గుర్తు లేకపోవడం, చూసిన సైన్‌బోర్డు మీద ఏముందో చెప్పలేకపోవడం, బండి గీత మీదికి జరగడం, వేగం కారణం లేకుండా తగ్గుతూ పెరుగుతూ ఉండడం. వీటిలో ఒక్కటి కనిపించినా తరువాతి సురక్షితమైన చోట ఆగాలి. అద్దం దించి గాలి కొట్టించుకోవడం, పాట పెంచడం, ముఖం మీద నీళ్లు చల్లుకోవడం నిమిషాల ముచ్చటే.

ఆగిన తర్వాత చేయవలసింది ఇది. ఒక కప్పు కాఫీ తాగి, వెంటనే 15 నుంచి 20 నిమిషాలకు అలారం పెట్టుకుని కునుకు తీయండి. కాఫీలోని కెఫీన్ పనిచేయడానికి సుమారు అంతే సమయం పడుతుంది కనుక, లేచేసరికి రెండూ కలిసివస్తాయి. లేచిన వెంటనే బండి కదిలించకండి. మెదడు మత్తు పూర్తిగా వదలడానికి మరో పావుగంట పట్టవచ్చు, ఆ పావుగంటలో బండి చుట్టూ తిరిగి టైర్లు చూసుకోండి. ఇది రాత్రి నిద్రకు బదులు కాదు, ఒకటి రెండు గంటల అరువు మాత్రమే. కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, అందుచేత పడుకోవడానికి ఆరు గంటల ముందు నుంచి కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు ఆపేయాలి. నిద్ర పట్టకుండా చేసే మాత్రలను ఎవరు ఇచ్చినా తీసుకోకండి. అవి నిద్రను తీసివేయవు, వాయిదా వేస్తాయి, ఆ వాయిదా ఎప్పుడు తీరుతుందో చెప్పవు. జలుబుకూ దురదకూ వాడే కొన్ని మామూలు మందులు కూడా మగత కలిగిస్తాయి కాబట్టి, మందుల దుకాణంలో మీరు డ్రైవరని చెప్పి అడిగి తీసుకోండి.

చలిగా ఉందని క్యాబిన్‌లో బొగ్గుల కుంపటి గాని, స్టవ్వు గాని వెలిగించుకుని పడుకోవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, దాని బారిన పడినవారికి లేవాలన్న తెలివి కూడా మిగలదు.

బయలుదేరే ముందు బండి చుట్టూ

రోజూ ఒకే చోట మొదలుపెట్టి, ఒకే దిశలో తిరిగి, మొదలుపెట్టిన చోటికే రండి. క్రమం మారితే ఏదో ఒకటి తప్పిపోతుంది. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని తగ్గిస్తే చల్లబడ్డాక అది తక్కువైపోతుంది. జంట టైర్లలో లోపలిది మెత్తబడితే పైకి కనిపించదు, కనుక దాన్ని కూడా గేజితోనే చూడాలి. రెండింటి మధ్య రాయి ఇరుక్కుందేమో కూడా అప్పుడే చూడండి. చక్రం నట్టు చుట్టూ తుప్పు గీతలా కారి ఉంటే అది వదులైందని అర్థం. బ్రేకులకు గాలి అందించే ఎయిర్ ట్యాంకుల్లోని నీటిని వదిలేయాలి. గాలి పూర్తిగా నిండాక ఇంజిను ఆపి, బ్రేకు తొక్కి పట్టి ఒక నిమిషం గేజు చూడండి; ముల్లు దిగిపోతూ ఉంటే ఎక్కడో లీకు ఉంది, అది తేలేదాకా బండి కదలకూడదు. లైట్లు, అద్దాలు, వైపర్లు, స్టెప్నీ సంగతి మీకు కొత్త కాదు.

క్యాబిన్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండు చేతులు, ఒక కాలు గాని, రెండు కాళ్లు, ఒక చేయి గాని బండిని అంటుకుని ఉండాలి, ముఖం బండి వైపే ఉండాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది, కాని డ్రైవర్లకు తగిలే దెబ్బల్లో రోడ్డు మీదివి కానివి చాలా ఉంటాయి. క్యాబిన్ నుంచి దూకినప్పుడు మెలికపడే చీలమండలు వాటిలో ఒకటి.

లోడును మీరు కట్టకపోయినా దానికి బాధ్యత మీదే అవుతుంది. హఠాత్తుగా బ్రేకు వేస్తే సరుకు ముందుకు వస్తుంది. అందుకే ఐరోపా ప్రమాణాలు సరుకు బరువులో 80 శాతానికి సమానమైన బలాన్ని ముందు వైపు, 50 శాతాన్ని పక్కలకూ వెనక్కూ తట్టుకునేలా కట్టమంటాయి. 10 టన్నుల యంత్రం ఎక్కించారంటే దానిని ముందుకు కదలకుండా 8 టన్నుల బలం ఆపాలన్నమాట. సరుకు బరువుగా ఉంది కాబట్టి కదలదులే అనే మాటను ఆ తర్వాత నమ్మలేం. బయలుదేరిన మొదటి గంటలో సరుకు సర్దుకుంటుంది, బెల్టులు వదులవుతాయి. అమెరికా నిబంధన ప్రకారం మొదటి 80 కిలోమీటర్ల లోపు ఒకసారి ఆగి కట్లు చూడాలి, ఆ తర్వాత సుమారు 240 కిలోమీటర్లకు గాని 3 గంటలకు గాని, ఏది ముందైతే దానికి, మళ్లీ చూడాలి. ఎక్కడ నడిపినా పాటించదగిన అలవాటు ఇది.

రోడ్డు మీద ఎడం, దిగుడులో గేరు

ముందున్న బండికీ మీకూ మధ్య ఎడాన్ని మీటర్లలో అంచనా వేయడం కష్టం, సెకన్లలో లెక్కించడం తేలిక. మీ బండి పొడవులో ప్రతి మూడు మీటర్లకు ఒక సెకను, వేగం 60 దాటితే మరో సెకను కలపండి. 18 మీటర్ల బండికి ఏడు సెకన్లు వస్తుంది. ముందు బండి ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలుపెడితే, ఏడు అనేలోగా మీరు ఆ స్తంభాన్ని చేరకూడదు. ఆ ఖాళీలోకి కార్లు దూరతాయి, నిజమే; దూరినప్పుడల్లా కొంచెం వెనక్కి తగ్గండి. రోజంతా అలా తగ్గినా మొత్తం మీద పోయేది కొన్ని నిమిషాలే. గాలితో పనిచేసే బ్రేకును తొక్కాక దాని బలం చక్రానికి చేరడానికి దాదాపు అర సెకను పడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

దిగుడు ఉన్న చోట చేయవలసిన పని దిగుడుకు ముందే చేయాలి. శిఖరం మీదే వేగం తగ్గించి, చిన్న గేరులో వేసి, చక్రాల బ్రేకు తొక్కకుండానే ఇంజిను ద్వారా వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు గాని ఇంజిను బ్రేకు గాని ఉంటే ఆన్ చేయండి. మధ్యలో గేరు మార్చబోతే న్యూట్రల్‌లో ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. తగిన వేగం 40 అనుకుంటే, బండి 40కి చేరగానే బ్రేకును గట్టిగా తొక్కి 32 దాకా దించి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ 40కి వస్తే మళ్లీ అలాగే చేయండి. బ్రేకును మెల్లగా నొక్కి పట్టుకుని దిగడం వల్ల బ్రేకు డ్రమ్ములు చల్లబడే వ్యవధి లేక వేడెక్కి వ్యాకోచిస్తాయి, వాటిని ఒరిసి ఆపే లైనింగు పట్టు పోతుంది, పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. మాడు వాసన వస్తే ఆగడానికి అదే చివరి అవకాశం కావచ్చు. తడి రోడ్డు మీద, ఖాళీ బండితో ఎగ్జాస్ట్ బ్రేకును వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త, వెనుక చక్రాలు జారవచ్చు.

గేటు ముందు గడిచే గంటలు

జీతం కిలోమీటర్ల లెక్కన వచ్చే డ్రైవరుకు గేటు ముందు గడిచే నాలుగు గంటలు ఉచితంగా పోతాయి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది: పోయిన సమయాన్ని రాత్రి నిద్ర నుంచి కోసి పూడ్చాలని మనసు లాగుతుంది. ఈ వృత్తిలోని అన్యాయాలలో దీన్ని నేను మొదట పెడతాను, ఎందుకంటే ఆలస్యం చేసినవాడు ఒకడు, దాని మూల్యం చెల్లించేవాడు మరొకడు.

దీన్ని మీరొక్కరే మార్చలేరు, కాని ఆధారం ఉంచుకోవచ్చు. గేటు దగ్గరికి చేరిన నిమిషం, లోపలికి పిలిచిన నిమిషం, సరుకు దించడం మొదలైన, ముగిసిన నిమిషాలు నోటుబుక్కులో రాసుకుని, వీలుంటే గేటు దగ్గర సంతకం తీసుకోండి. గేటు ముందర ఫోటో తీసి ఉంచితే సమయం దానంతటదే నమోదవుతుంది. ఎన్ని గంటల తర్వాత ఆగినందుకు సొమ్ము ఇస్తారనేది లోడు ఒప్పుకునేటప్పుడే మాట్లాడుకోవాలి. ఇక ఆలస్యమైనప్పుడు చేయవలసిన మొదటి ఫోను ఒకటే: చేరే సమయం ఇంత వెనక్కి జరిగిందని ఆఫీసుకు చెప్పి, రాత్రి ఆగే చోటును కొత్త లెక్క ప్రకారం దగ్గరికి మార్చుకోండి. బండి వరుసలో కదలనవసరం లేనప్పుడు పడుకోండి. వరుస జరుగుతూ ఉంటే మాత్రం దాన్ని విశ్రాంతిగా లెక్కించకండి.

శరీరం విషయంలో

నడుము నొప్పికి కారణం కూర్చోవడం ఒక్కటే కాదు, సీటు ద్వారా గంటల తరబడి వెన్నుకు ఎక్కే కుదుపు కూడా. సీటు సస్పెన్షన్‌ను మీ బరువుకు తగినట్టు సరిచేసుకోండి, మోకాలు కొద్దిగా వంగి ఉండగానే క్లచ్ పూర్తిగా అందాలి, వెనుక జేబులో పర్సు ఉండకూడదు. దిగిన వెంటనే బరువులు ఎత్తకండి. ఐదు నిమిషాలు నడిచి, నడుము కుదుటపడ్డాక తాళ్ల మీద చేయి వేయండి.

మరుగుదొడ్డి దొరకదని నీళ్లు తాగడం మానేసే డ్రైవర్లు చాలామంది. నీరు తగ్గితే మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది, తలనొప్పీ మగతా ముందే వస్తాయి. ఒకేసారి సీసా ఖాళీ చేయకుండా గుక్కెడు గుక్కెడుగా తాగుతూ, ప్రతి ఆగుడుకూ అవసరం ఉన్నా లేకున్నా మరుగుదొడ్డికి వెళ్లడం అలవాటు చేసుకోండి. మహిళా డ్రైవర్లకు ఈ ఇబ్బంది రెట్టింపు. ఆగే చోట్లను ఎంచుకునేటప్పుడు వెలుతురు, గడియ ఉన్న మరుగుదొడ్డి, మనుషుల సంచారం అనే మూడింటినీ వారు దూరం కన్నా ముందు చూసుకోవలసి వస్తుంది.

క్యాబిన్ అద్దం సూర్యుడి నుంచి కాపాడుతుందనుకోవద్దు. 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల మనిషి ఫోటోను ఒక వైద్య పత్రిక 2012లో ప్రచురించింది. కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలు పడి, కుడి చెంప కన్నా ఇరవై ఏళ్లు ముసలిదా అన్నట్టు ఉంటుంది. అతినీలలోహిత కిరణాలలో ఒక రకం గాజులోంచి దూరి రావడమే కారణం. కిటికీ వైపు చేతికి పొడుగు చొక్కా, ముఖానికి సన్‌స్క్రీన్ వాడండి.

గట్టిగా గురక పెడతారని, నిద్రలో ఊపిరి ఆగి మళ్లీ తీసుకుంటారని ఇంట్లోవారు చెబితే నవ్వి వదిలేయకండి. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర తీరనట్టు ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, దానికి పరీక్షా చికిత్సా ఉన్నాయి. మెడ లావుగా, బరువు ఎక్కువగా ఉన్నవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. చికిత్సకు వెళ్తే లైసెన్సు పోతుందేమోనని దాచిపెట్టేవారున్నారు. చికిత్స తీసుకుని మళ్లీ బండెక్కినవారూ ఉన్నారు.

ఇంటికి చేసే ఫోను, చివరి గంట

ఇంటితో మాట్లాడడానికి రోజూ ఒక వేళ పెట్టుకోండి, అది బండి ఆగి ఉన్న వేళ కావాలి. నడుపుతూ మాట్లాడితే చేతులు ఖాళీగా ఉన్నా మనసు రోడ్డు మీద ఉండదు, ముఖ్యంగా అవతల పిల్లలు ఏడుస్తున్నప్పుడు. ఫలానా వేళకు ఫోను వస్తుందని ఇంట్లో తెలిస్తే, మధ్యలో వారు చేయరు. రాకపోతే కంగారు పడకుండా ఎవరికి ఫోను చేయాలో కూడా వారికి చెప్పి ఉంచండి, ఆఫీసు నంబరు, బండి నంబరు, ఆ రోజు ఆగే చోటు పేరు వారి దగ్గర ఉండాలి. ఒంటరితనం వారాల తరబడి వదలకుండా, నిద్రా తిండీ రెండూ తప్పుతుంటే దాన్ని కూడా నడుము నొప్పిలాగే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లవలసిన విషయంగా చూడాలి.

తిరుగు ప్రయాణంలో ఇల్లు దగ్గరపడుతున్న కొద్దీ ఆగబుద్ధి కాదు. రోడ్డు తెలిసినదే, మలుపులు తెలిసినవే, కాళ్లు చేతులు వాటంతటవే పనిచేస్తున్నట్టు ఉంటుంది. మెదడు మూతపడడానికి అంతకన్నా అనువైన స్థితి లేదు. అందుకే మొదటి రోజు రాసిన కాగితంలో చివరి ఆగుడును ఇంటికి గంట ముందు పెట్టండి, అక్కడికి చేరినప్పుడు ఎంత ఉత్సాహంగా ఉన్నా దిగి, పదిహేను నిమిషాలు నడిచి, టైర్లను చేత్తో తడిమి, ఆ తర్వాతే కదలండి. ఇంటికి చేరాక పడుకునే ముందు నోటుబుక్కులో రెండు అంకెలు రాయండి: ఎన్ని గంటలు నడపాలనుకున్నారు, ఎన్ని గంటలు నడిపారు. ఆ రెండింటి మధ్య తేడాను వచ్చే లోడు లెక్కలో ముందే కలుపుకోండి.